పగ్గాలకు వేలాడే అలవాటు: మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలా, ఎక్కుతూనే దిద్దుకోవాలా?

పెన్నాగట్టు:
నాకు స్వారీ నేర్పింది పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒక పెద్దాయన. పన్నెండేళ్లయింది. ట్రాట్‌లో (నడకకీ దౌడుకీ మధ్య పరుగు) పడగానే నా చేతులు వాటంతటవే పగ్గాలు లాగేస్తాయి. మొన్న మైపాడు ఇసుకలో తీసిన వీడియోలో గుర్రం తల ఎగరేయడం చూసి సిగ్గేసింది. ఒకాయన రికాబులూ (పాదాలు పెట్టుకునే కడియాలు) పగ్గాలూ వదిలేసి నెల రోజులు పొడవాటి తాడు మీద, అంటే మధ్యలో ఒకరు తాడు పట్టుకుని నిలబడితే గుర్రంతో వాళ్ల చుట్టూ, తిరగమంటాడు. ఇంకొకాయన చేతుల మీద ధ్యాస ఉంటే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

కొత్తపట్నం:
ధ్యాస చాలన్నా. రికాబులు తీసేస్తే భయానికి మోకాళ్లు బిగుసుకుంటాయి, ఒకటి పోయి ఇంకో అలవాటు పట్టుకుంటుంది. నాకు జరిగిందదే. గుర్రం మెడకు పట్టీ కట్టి చిటికెన వేలు అందులో దూర్చండి. లాగినప్పుడల్లా మీకే తెలుస్తుంది.

రికాబు:
పట్టీ కాపలా కాస్తుందంతే, రోగం కుదర్చదు. చెయ్యి లాగుతోందంటే నడుం నిలవట్లేదని. ట్రాట్‌లో ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి పడతాయి, తర్వాత రెండో జత. అడుగడుక్కీ వచ్చే కుదుపును నడుం ఓర్చుకోకపోతే అది చేతుల్లోకి పోతుంది. కళ్లెం కడ్డీ ఉండేదేమో ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లులేని చిగుళ్ల మీద. పన్నెండేళ్లు అక్కడ వేలాడారు, ఏమనుకోకండి. వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్లను నెలల తరబడి పగ్గాలూ రికాబులూ లేకుండా తాడు మీదే తిప్పుతారు.

ఒంగోలు గిత్త:
ముకుతాడు ఊరికే గుంజితే ఎద్దు మొండికేస్తుంది. గుర్రానికి మాత్రం నోరు మొద్దుబారదా?

కొత్తపట్నం:
వియన్నాలో ఉన్నవి లిపిజ్జానర్లు సార్, బాగా తర్ఫీదిచ్చిన జాతిగుర్రాలు. మనది బ్యాండుమేళం ముందు నిలబడే గుర్రం, తాడు మీద గుండ్రంగా తిరగడం దానికేం తెలుసు? అసలు తాడు పట్టేదెవరు?

రికాబు:
అది ఒప్పుకుంటా. పట్టేవాడికి చేతకాకపోతే వద్దేవద్దు. చిన్న చుట్టులో అదేపనిగా తిప్పితే కీళ్లు పోతాయి. అలాంటప్పుడు నడకలోనే, ఎవరైనా గుర్రాన్ని పట్టుకుని నడుస్తుంటే రికాబులు వదలండి. ట్రాట్ తర్వాత చూసుకోవచ్చు.

పెన్నాగట్టు:
నిన్న మా మేనమామ గుర్రాన్ని పట్టుకుని నడిచాడు, పది నిమిషాలు రికాబుల్లేకుండా కూర్చున్నా. తొడలు పట్టేశాయి. తర్వాత పట్టీ కట్టి నేనే ట్రాట్ చేస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. చేతులు మళ్లీ పాతదారే! వేలు పట్టీలో ఉండబట్టి నోటికి మాత్రం తగల్లేదు. తాడు సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఈ వారమంతా నడకే.