ఆదికాండం 8:22 ఉంది కాబట్టి క్లైమేట్ గురించి భయపడక్కర్లేదా?

అన్నలూ అక్కలూ, మాది కోవూరు పక్క, ఆదివారం యూత్ మీటింగ్‌లో వాతావరణం మీద నేనే మాట్లాడాలంట, కొంచెం హెల్ప్ చేయండబ్బా. మా సంఘంలో ఒక పెద్దాయన ఆదికాండం 8:22 చూపించి వెదకాలం కోతకాలం ఆగవని దేవుడే అన్నాడు ఇంక క్లైమేట్ చేంజ్ ఏంది అంటాడు, ఇంకొకాయన 2021 నవంబర్‌లో పెన్నా వరద మన పాపాలకి శిక్షేనని ఆమోసు 4:7 తీస్తాడు (అందులో ఉండేది వాన పడకపోవడం, వరద కాదు, సరేలే). మరి మత్తయి 5:45లో నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకేలా వాన కురిపిస్తాడని ఉంది కదా, ఆ వరదకి మా పాస్టర్ గారి నారుమడిలో కూడా ఇసక మేటేసింది మరి. నాకైతే ఆదికాండం 2:15లో తోటని సేద్యం చేసి కాయమన్న మాటే దీనికి సరిగ్గా సరిపోతది అనిపిస్తోంది, కానీ అది ఏదెను వరకేనా, భూమి మొత్తానికా? సృష్టి అంతా మూలుగుతోందని ఉండే రోమా 8:22 ఇక్కడ వాడొచ్చా? తెలిసినోళ్లు వచనంతో సహా చెప్పండి, వాట్సాప్ ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు.