పాదరసం సాంద్రత లెక్కలో 1.36 వస్తోంది, పుస్తకంలో 13,600 ఉంది. ఎక్కడ తప్పుతున్నాం?

పోరూరు_నాన్న
చెన్నైలో ఉంటాం. పాప పదకొండో తరగతి, కెమిస్ట్రీ మొదటి పాఠంలోనే ఆగిపోయింది. పాదరసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 13.6 గ్రాములు, అదే ఘన మీటరుకు ఎన్ని కిలోలు అని అడిగారు. గ్రాములు కిలోలు కావాలని 1000తో భాగించింది, మీటరుకు 100 సెంటీమీటర్లు కదా అని 100తో గుణించింది, 1.36 వచ్చింది. నేను బీకాం చదివినవాణ్ణి, నాకూ అది సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తోంది. వచ్చే వారమే పరీక్ష, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. కాస్త విడమరిచి చెప్పండి.

పాత_లెక్చరర్
కిలోలు చేసిన చోట తప్పు లేదండీ, తప్పంతా ఆ 100 దగ్గరే. మన వైపు స్థలం గజాల్లో కొంటాం కదా. గజానికి మూడు అడుగులు, కానీ చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. మీ చెన్నైలో గ్రౌండంటే 2400 చదరపు అడుగులు, 9తో భాగిస్తే సుమారు 267 గజాలు. 3తో భాగించి 800 గజాలని ఎవరైనా అమ్మజూపితే మీరు కొంటారా? ఘనానికి వచ్చేసరికి ఇంకో మెట్టు ఎక్కాలి: 100 × 100 × 100, అంటే పది లక్షలు. 13.6 ÷ 1000 × 10,00,000 = 13,600.

జవాబు రాగానే ఒకసారి ఊహించుకోమనండి. మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు 50 కలిపితే ఒక ఘన మీటరు నీళ్లు, బరువు 1000 కిలోలు. నీళ్లకన్నా 13.6 రెట్లు బరువైన పాదరసం అంతా కలిపి కిలోన్నర కూడా తూగదా?

నీట్_బ్యాచ్
అంత దూరం ఎందుకు సార్, 1000తో గుణించాలని గుర్తు పెట్టుకుంటే చాలు. నేను అలాగే చేశాను.

పీణ్య_ల్యాబ్
వద్దు తమ్ముడూ. లీటరుకు గ్రాముల్లో ఇచ్చి ఘన మీటరుకు కిలోలు అడిగితే అంకె అసలు మారదు, అలవాటు కొద్దీ అక్కడా 1000 పెట్టేస్తావు. నేను బెంగళూరులో ల్యాబ్‌లో పనిచేస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ప్రతి అంకె పక్కన యూనిట్ రాయమని, పైనా కిందా ఒకటే ఉంటే పెన్సిల్‌తో కొట్టేయమని. ఒకసారి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 250 మిల్లీలీటర్లు కావాలంటే ఒక అబ్బాయి 250 × 0.1 × 40 చేసి (40 అంటే ఒక మోల్ సోడియం హైడ్రాక్సైడ్ బరువు, గ్రాముల్లో) 1000 గ్రాములని రాశాడు. పావు లీటరుకి కిలో సోడా! మోలార్ అంటే లీటరుకు మోల్స్, కాబట్టి మిల్లీలీటర్లతో అది కొట్టుడు పోదు. 0.25 లీటరు అని రాస్తే లీటరూ లీటరూ పోతాయి, మోలూ మోలూ పోతాయి, చివరికి 1 గ్రాము మిగులుతుంది.

పోరూరు_నాన్న
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. క్యాన్ల సంగతి చెప్పగానే తనే మళ్లీ మొదటినుంచి చేసింది, యూనిట్లు కొట్టేస్తూ. ఇప్పుడు 13,600 అని రాయాలా, 1.36 × 10⁴ అని రాయాలా అని అడుగుతోంది.

పాత_లెక్చరర్
రెండోదే రాయమనండి. 13.6లో సార్థక అంకెలు మూడు. 13,600 అని రాస్తే చివరి రెండు సున్నాలూ కొలిచి చెప్పినవో, స్థానం కోసం పెట్టినవో తెలియదు.