ఊపిరితిత్తి బయాప్సీలో రక్తనాళంలోకి గాలి చేరితే ఎలా గుర్తించాలి?

ప్రశ్న (రేడియాలజీ పీజీ విద్యార్థి):
గత వారం సీటీ సాయంతో ఊపిరితిత్తి నుంచి ముక్క తీస్తుండగా రోగి గట్టిగా దగ్గారు. సూది తీసిన నిమిషంలోపే ఆయన ఎడమ చెయ్యి ఎత్తలేకపోయారు. స్కాన్‌లో న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) కనబడలేదు. ఇలాంటప్పుడు మొదట దేన్ని అనుమానించాలో, రోగిని ఎలా పడుకోబెట్టాలో సీనియర్లు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మొదట అనుమానించవలసింది ఎయిర్ ఎంబోలిజాన్నే (రక్తనాళంలోకి గాలి చేరి రక్త ప్రవాహాన్ని అడ్డుకోవడం). సూది మొన పుపుస సిరలో (ఊపిరితిత్తి నుంచి గుండెకు రక్తం తెచ్చే నాళంలో) ఉండగా స్టైలెట్ (సూది లోపలి సన్నని కడ్డీ) తీస్తే, రోగి ఊపిరి లోపలికి పీల్చినప్పుడు బయటి గాలి సిరలోకి చేరి, గుండె ఎడమ భాగం మీదుగా మెదడుకో, గుండె కండరానికి రక్తమిచ్చే కరొనరీ ధమనులకో వెళ్లగలదు. దగ్గినప్పుడు వాయుకోశాల్లోని గాలి కూడా అలాగే చొరబడుతుంది. వెంటనే సూది తీసివేసి, 100 శాతం ఆక్సిజన్ పెట్టి, వెల్లకిలా సమంగా పడుకోబెట్టి, తలకూ ఛాతీకీ సీటీ తీయండి. బృహద్ధమని ముందువైపున నల్లని బుడగ (గాలి) కనబడితే సందేహం తీరినట్లే.

జవాబు 2:
రోగి తల కాళ్లకన్నా కిందికి ఉండేలా పడుకోబెట్టమని మాకు పూర్వం నేర్పారు గానీ, మెదడు వాపు పెరగవచ్చు కనుక నేను ఆ పని చేయను. స్కాన్‌లో గాలి కనబడకపోయినా, లక్షణాలు ఉంటే చికిత్స ఆపకండి. హైపర్‌బారిక్ ఛాంబర్ (అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఉన్న ఆసుపత్రితో వెంటనే మాట్లాడండి.

అడిగినవారు:
కృతజ్ఞతలు సర్. సాయంత్రానికి ఆయన వేళ్లు కదిలాయి. ఇకపై స్టైలెట్ తీసిన క్షణమే సూది మూతిని వేలితో మూస్తాను.