ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ అడగడం తప్పా?

జువాలజీ_పీజీ: ఒక అభయారణ్యంలో పక్షుల సర్వేకి రెండు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. స్టైపెండ్ లేదు, తిండి ఖర్చు కూడా మనదే. అడిగితే "సర్టిఫికెట్ ఇస్తాం కదా" అంటున్నారు. వెళ్లమంటారా?

మైదుకూరు_మాస్టారు: వెళ్లమ్మా. కడప దగ్గర లంకమల అడవిలో, కలివికోడి అనే చాలా అరుదైన పిట్ట సర్వే ఎలా చేశారో తెలుసా? తుప్పల మధ్య సన్నమట్టి పరిచి, చదును చేసి, రాత్రి దాని మీద పడిన అడుగుల్ని తర్వాత చూసేవాళ్లు. కలివికోడికి మూడే వేళ్లు, వెనకవేలు ఉండదు. అలాంటి అడుగులే వేసే తీతువుకి ఉంటుంది గానీ, ఆ బుల్లివేలు మట్టిలో సరిగా పడకపోవచ్చు. ఆ తేడా పట్టడం ఏ క్లాసులో నేర్పిస్తారు? డబ్బు తర్వాతైనా వస్తుంది.

సిద్ధవటం_కుర్రోడు: మాస్టారూ, ఆ మట్టి మోసేదెవరు, జల్లెడ పట్టేదెవరు? 1900 తర్వాత జాడలేని ఆ పిట్ట 1986 జనవరిలో మళ్లీ దొరికిందంటే, రాత్రిపూట టార్చిలైటుతో వెళ్లి దాన్ని పట్టిన ఊరి మనిషి చలవ. జీతం లేని పనికి ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగల పిల్లలే వస్తారు. అడవిని ఆనుకుని ఉన్న మా ఊళ్ల డిగ్రీ పిల్లలు ఆ రెండు నెలలూ కూలికి పోవాలి. మీరన్న 'తర్వాత' మా దాకా రాదు.

మైదుకూరు_మాస్టారు: కాదనను నాయనా. కానీ ప్రాజెక్టుకి వచ్చే నిధులే అంతంతమాత్రం. స్టైపెండ్ తప్పనిసరి అంటే ఉన్న నాలుగు సీట్లు ఒకటవుతాయి.

ఫీల్డ్_స్కాలర్: ఒక్కటైనా పర్లేదు సార్. బ్యాచ్ మారినప్పుడల్లా డేటా మొదటికొస్తోంది. పైగా కలివికోడి కూసేది పొద్దుగూకాక కాసేపే. రికార్డు చేసిన కూత వినిపించి జవాబు కోసం కాచుకోవాలి. సరిగా నేర్పకుండా వదిలితే ఫోన్లో అదేపనిగా మోగించి పిట్టని బెదరగొడతారు. (బర్డింగ్ గ్రూపుల్లో ఈ జబ్బు ఇప్పటికే ఉంది.)

చెల్లెమ్మా, స్టైపెండ్ కంటే ముందు ఇంకోటి అడుగు. అభయారణ్యంలో పరిశోధనకి 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ కాపీలో నీ పేరుందా? రాత్రి పని, రక్తపింజరలు తిరిగే చోటు. కాటేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, బిల్లు ఎవరు కడతారు? జీతం లేకపోతే నువ్వక్కడ పని చేసినట్టు ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

జువాలజీ_పీజీ: అనుమతి కాపీ అడిగాను అన్నా. "వచ్చాక చూద్దాం" అన్నారు.

సిద్ధవటం_కుర్రోడు: అయితే టికెట్ అప్పుడే బుక్ చేయకక్కా.