వేట రైఫిల్‌కు కార్బన్ ఫైబర్ బ్యారెల్ మంచిదా, ఉక్కు బ్యారెల్ మంచిదా?

లేత్ షెడ్డు, అనంతపురం
అందరికీ నమస్కారం. కొలరాడోలో స్థిరపడిన మా తమ్ముడు అక్కడి లైసెన్సుతో ఏటా ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్తాడు. (1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న మన దేశంలో ఆ మాటే లేదు కనుక, ఇది పూర్తిగా అక్కడి సంగతి.) 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నం తూటాకు ఒక రైఫిల్ చేయించుకుంటూ బ్యారెల్ దగ్గర ఆగిపోయాడు. కార్బన్ ఫైబర్ చుట్టినది ఉక్కుదానికి రెట్టింపు ధర పలుకుతోందట. లోహం పని తెలిసినవాణ్ణని నన్ను అడుగుతున్నాడు. కార్బన్ వల్ల గురి మెరుగవుతుందన్న మాటలో నిజమెంత?

మెకానికల్ అధ్యాపకుడు, కడప
కార్బన్ బ్యారెల్ అన్నా లోపల ఉన్నది ఉక్కే. సాధారణంగా 416 ఆర్ రకం స్టెయిన్‌లెస్ గొట్టాన్ని సన్నగా తరిగి, దాని మీద కార్బన్ పోగులను రెసిన్ అనే జిగురుతో కలిపి మందంగా చుడతారు. తూటాను తిప్పి పంపే గాళ్లు ఆ ఉక్కులోనే ఉంటాయి కాబట్టి, వాటిని ఎంత నాణ్యంగా కోశారన్నదే గురిని నిర్ణయిస్తుంది. కార్బన్ ఇచ్చేది తక్కువ బరువులో బిగువు. లేత్ మీద 20 మి.మీ. కడ్డీకీ 25 మి.మీ. కడ్డీకీ వంగడంలో ఎంత తేడా ఉంటుందో మీరు చూసే ఉంటారు. బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కనుక లావుది దాదాపు రెండున్నర రెట్లు గట్టిగా నిలుస్తుంది. అంత లావు పూర్తిగా ఉక్కుతో తెస్తే మోయలేము. ఉక్కు సాంద్రత ఘన సెం.మీ.కు 7.8 గ్రాములైతే కార్బన్ మిశ్రమానిది 1.6 చుట్టుపక్కల ఉంటుంది.

మాజీ ఆర్మరర్, కర్నూలు
సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసినవాడిగా వేడి గురించి చెబుతాను. కార్బన్ వేడిని త్వరగా వదిలేస్తుందని ప్రకటనల్లో రాస్తారు. పోగు పొడవునా వేడి బాగానే పారవచ్చు గానీ, రెసిన్‌ను దాటి అడ్డంగా బయటికి రావడం కష్టం. పై భాగం చేతికి చల్లగా తగిలినంత మాత్రాన లోపలి ఉక్కు చల్లబడిందని అనుకోకూడదు. పైగా వేడికి ఉక్కు సాగినంతగా కార్బన్ పోగు సాగదు. ఆ తేడాను సర్దేలా చుట్టు కోణాన్ని ఎంచుకోవడంలోనే తయారీదారు పనితనం తెలుస్తుంది. షూటింగ్ రేంజ్‌లో వరుసగా కాల్చేవారికి నేను బరువైన ఉక్కు బ్యారెలే చెబుతాను. ఎల్క్ వేటలో ఒకటి రెండు గుళ్లతో పని ముగుస్తుంది కాబట్టి అక్కడ ఈ వేడి లెక్కలోకి రాదు. తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తున రోజంతా నడిచే మనిషికి భుజం మీద తగ్గే ప్రతి పౌనూ మేలే. అయితే రైఫిల్ తేలికైన కొద్దీ వెనక్కి తన్నే దెబ్బ పెరుగుతుంది, ఎక్కువ శక్తి గల మాగ్నం తూటాకైతే మరీనూ.

లేత్ షెడ్డు, అనంతపురం
ఇద్దరికీ ధన్యవాదాలు. తమ్ముడు కొండలెక్కి నడిచే వేటే చేస్తాడు. సన్నని ఉక్కు బ్యారెల్‌తోనూ బరువు తగ్గుతుంది కదా?

మెకానికల్ అధ్యాపకుడు, కడప
తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. మొదటి రెండు మూడు గుళ్ల వరకు మంచి సన్నని ఉక్కు బ్యారెల్ ఏమాత్రం తీసిపోదు. వేడెక్కాక గుళ్లు చెదిరే అవకాశం దానికి ఎక్కువ. కార్బన్‌దే తీసుకుంటే పొడవు ముందే తేల్చుకోమనండి. చివరన ఉక్కు మూత బిగించి ఉంటుంది కాబట్టి మామూలు బ్యారెల్‌లా తర్వాత కోయించుకోవడం కుదరదు. స్టాక్‌లో (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే భాగంలో) బ్యారెల్ కూర్చునే గాడి కూడా ఆ లావుకు సరిపోవాలి. తన్ను ఓర్చుకోలేనంటే మజిల్ బ్రేక్ (బ్యారెల్ చివర బిగించి తన్ను తగ్గించే పరికరం) కోసం మరలు కూడా ఆర్డరు ఇచ్చేటప్పుడే కోయించమనండి.