లెక్చరర్లకి ట్రైనింగ్ ఎలా ప్లాన్ చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నమస్తే అండి. కావలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. కొత్త లెక్చరర్లకి ట్రైనింగ్ ఇచ్చే పని నా నెత్తిన పడింది. ఇదివరకు జరిగినవన్నీ ఒకటే తీరు: స్లైడ్లు చదవడం, టీ, సమోసా, రిజిస్టర్‌లో సంతకం. మధ్యాహ్నానికి వెనక బెంచీలు ఖాళీ.

మా బాబాయి ఆర్మీలో ఇన్‌స్ట్రక్టరుగా చేశారు. చెప్పాలి, చేసి చూపించాలి, వాళ్లచేత చేయించాలి, తప్పుంటే అక్కడే దిద్దాలి అంటారు. రైఫిల్ విప్పి బిగించడానికి సరే, అకౌంటెన్సీ పాఠానికి కుదురుతుందా?

ట్రైనింగ్ ప్లాన్ చేయడానికి చాలామంది చెప్పే యాడీ (ADDIE) మోడల్ కూడా 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం తయారు చేసిందేనట. అందులో మెట్లు ఐదు: అవసరం తెలుసుకోవడం, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం. నేను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. లెక్చరర్లని అడిగితే "అంతా బాగానే ఉందండి" అంటారు. ప్రిన్సిపాల్ గారేమో "ఇంగ్లీషు ఇంప్రూవ్ కావాలి" అంటారు (అన్నిటికీ ఆయన మందు అదే). పిల్లలు నోరు విప్పరు.

నెల్లూరు, ఒంగోలు వైపు టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు ఉంటే చెప్పండి: అసలు లోటు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు? నేను క్లాసులో వెనక కూర్చుంటే లెక్చరర్లు ఇన్‌స్పెక్షన్ అనుకుని బిగుసుకుపోతున్నారు. నాకిచ్చింది రెండు పూటలే.