ఎండిపోయిన కుక్కకు పెరుగన్నమా, కోడికూరా? మాంసం వండని ఇంట్లో ఏం పెట్టాలి?

కొర్లగుంట నుంచి
మాది తిరుపతి. మా వీధిలో అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతూ కుక్కను వెనక వరండాలో గొలుసుతో కట్టేసి పోయారు. మూలుగు వినపడి పక్కింటివాళ్లు గోడ దూకి విప్పారు. ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆడకుక్క, మన నాటు రకమే. బరువు 12 కిలోలు, దాని సైజుకు 18 దాకా ఉండాలట. డొక్కలు, వెన్నుపూస, తుంటి ఎముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. డాక్టరు రక్తపరీక్ష చేయించారు. రక్తం తక్కువగా ఉంది, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) లేదు. కొంచెం కొంచెంగా పెట్టి వారానికి మళ్లీ తీసుకురమ్మన్నారు.

మాది మాంసం ముట్టని ఇల్లు. అమ్మ పాలన్నం, పెరుగన్నం చాలంటుంది. మా బావేమో కిలో కోడి ఉడకబెట్టి పెట్టు, వారంలో కండ పడుతుందంటాడు. స్నేహితుడు ప్యాకెట్ ఫుడ్ తప్ప ఏదీ వద్దంటాడు. ఎవరి మాట వినాలి?

చంద్రగిరి కుక్కల ఇల్లు
మీ బావ చెప్పిందే కరెక్ట్. మా దగ్గరికి ఇలాంటివి చాలా వచ్చాయి. పెరుగన్నంతో పొట్ట నిండుతుంది కానీ కండ రాదు. మీ ఆచారం మీది, దాన్ని కుక్క మీద పెట్టొద్దన్నా. వంటింట్లో వద్దంటే మేడ మీద చిన్న స్టవ్ పెట్టుకుని కోడి ఉడకబెట్టండి, రక్తం పట్టడానికి కార్జం కూడా వేయండి.

పలమనేరు పాడి రైతు
మా ఊళ్లో కుక్కలు తరతరాలుగా సంగటి ముద్ద, మజ్జిగ తిని మందల్ని కాస్తున్నాయి. ఏ కుక్కకు ఎవరు ప్యాకెట్ కొన్నారు? 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మీ అమ్మగారు చెప్పినట్టే చేయండి నాయనా. పెద్దవాళ్లకు తెలీదా?

పశువైద్య విద్యార్థిని, తిరుపతి
అన్నా, కోడా పెరుగన్నమా అని తేల్చుకునే ముందు దయచేసి ఇది చదవండి. ఈ వారం ఏం పెడుతున్నారన్న దానికంటే ఎంత పెడుతున్నారన్నదే దాని ప్రాణానికి ముఖ్యం.

చాలాకాలం తిండి లేని ఒళ్లు తన కొవ్వును, కండనే కరిగించుకుని బతుకుతుంది. అలాంటి కుక్కకు ఒక్కసారిగా గిన్నెడు అన్నం పెడితే ఇన్సులిన్ ఎగసిపడుతుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. అప్పుడు కండరాలు పట్టు తప్పుతాయి, గుండె లయ తప్పుతుంది, ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. తిండి మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే ఇది ఎక్కువగా వస్తుంది. ఆకలిని తట్టుకుని బతికిన కుక్క, మనం ప్రేమగా పెట్టిన తిండితో చనిపోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే నాకు ఇంత ఆందోళన.

లెక్క ఇది. 12 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉండటానికే రోజుకు సుమారు 450 కేలరీలు కావాలి. మొదటిరోజు అందులో పావు వంతు, అంటే 110 దగ్గర ఆపాలి. పొడి ప్యాకెట్ ఫుడ్ అయితే 30 గ్రాములకు అటూ ఇటూ. దాన్నే నీళ్లలో నానబెట్టి ఐదారు సార్లుగా పెట్టండి. ఒంటికి పడుతుంటే నాలుగైదు రోజుల్లో మెల్లగా 450కి తీసుకెళ్లాలి. 18 కిలోల కుక్కకు సరిపడా తిండి లెక్క ఇప్పుడే వేయకండి. అది ఇంకా కావాలని చూస్తుంది, గిన్నె నాకుతూనే ఉంటుంది. మనసు కరిగినా పెట్టొద్దు. మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఈ మొదటి రోజుల్లో పిండిపదార్థం తక్కువగా, కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండి మేలు. కాబట్టి వట్టి పెరుగన్నం, సంగటి ఇప్పుడు వద్దు. కిలో కోడి కూడా వద్దు. కార్జం అప్పుడప్పుడు ఒక ముక్క చాలు, రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువవుతుంది. పాలన్నంతో చాలా కుక్కలకు విరేచనాలవుతాయి, ఈ స్థితిలో అది తట్టుకోలేదు. నడక తూలినా, ఆయాసం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మన ఊళ్లో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ చూపించండి.

పలమనేరు పాడి రైతు
సరే, మొదటి వారం మీరన్నట్టే. ఆ తర్వాత సంగటికి ఏం తక్కువ?

పశువైద్య విద్యార్థిని, తిరుపతి
పెద్దాయనా, మీ మందల దగ్గర కుక్క సంగటి ఒక్కటే తినదు. పొలంలో ఎలుకను పడుతుంది, ఈనిన గొర్రె మావి తింటుంది, ఎక్కడో ఎముక కొరుకుతుంది. గొలుసుకు కట్టిన కుక్కకు అవేవీ దొరకలేదు. పైగా ఆరోగ్యంగా ఉన్న కుక్కను నిలబెట్టే తిండి వేరు, కరిగిపోయిన కండను మళ్లీ కట్టే తిండి వేరు. రాగుల్లో కాల్షియం ఉన్నది నిజమే, కానీ వాటిలోని ఫైటేట్ అనే పదార్థం వల్ల అంతా ఒంటికి పట్టదు. కోలుకున్నాక సంగటి కొంచెం కలపండి, నాకు అభ్యంతరం లేదు.

తిరుచానూరు
మాదీ మీలాంటి ఇల్లే తమ్ముడూ. చంద్రగిరి వాళ్లు అన్నారు గానీ, ఇది ఆచారాన్ని కుక్క మీద రుద్దడం కాదు. కుక్క పిల్లిలా మాంసం మీదే బతికే జంతువు కాదు. తోడేలు కంటే కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు నకళ్లు ఎక్కువని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మాంసం లేకుండా పెంచొచ్చు. కాకపోతే అన్ని పోషకాలూ లెక్కకట్టి తయారుచేసిన తిండి ఉండాలి, మన కంచంలో మిగిలింది కాదు. మేం వంటింట్లో ఏమీ వండం. వరండాలో ప్యాకెట్ ఫుడ్, దాంతో ఒక ఉడికిన గుడ్డు. గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, బాగా అరుగుతుంది. మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి, రోజంతా దాని దగ్గర ఉండేది ఆమే.

ఇంకొకటి, మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటికొచ్చిన లడ్డూ ప్రసాదం భక్తితో కుక్క నోట్లోనూ పెడతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడుచేయగలవు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసన్నం కూడా పెట్టకూడదు. ముందే రక్తం తక్కువగా ఉన్న కుక్కకు అవి ఇంకా చెరుపు.

చంద్రగిరి కుక్కల ఇల్లు
మొదటి వారం మాటకు నేనూ ఒప్పుకుంటా. కిలో కోడి అన్నది నేను కాదు, ఆయన బావ. కానీ తర్వాత రెండు నెలలూ కోడి లేకుండా అంటే ఒప్పుకోను. ప్యాకెట్ ముట్టని నాటు కుక్కలు నా దగ్గరే ఉన్నాయి. వాటికి వాసనే ముఖ్యం. ఎముక తీసిన ఉడికిన కోడి కొంచెం కలపందే మూతి పెట్టవు. చికెన్ షాపులో కుక్కలకని ఇచ్చే పచ్చి వేస్ట్ మాత్రం నీరసంగా ఉన్నదానికి వేయకండి.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి
అది ఒప్పుకుంటాను. ప్యాకెట్ తినకపోతే కోడి కలపడమే దారి. అయితే కోడి, అన్నం మాత్రమే నెలల తరబడి పెడితే కాల్షియం లోటు వస్తుంది, డాక్టరును అడిగి సప్లిమెంటు కలపాలి.

కొర్లగుంట నుంచి
అందరికీ థ్యాంక్స్. అక్క చెప్పిన లడ్డూ సంగతి అమ్మకు చదివి వినిపించాను. డబ్బా తీసి పైఅరలో పెట్టేసింది. వరండాలో గుడ్డు ఉడకబెట్టుకోవడానికి ఒప్పుకుంది, కోడికి ఒప్పుకోలేదు. నానబెట్టిన ప్యాకెట్ ఫుడ్ తింటోంది కాబట్టి ప్రస్తుతానికి ఆ పేచీ లేదు. రేపు డాక్టరు దగ్గర తూకం, ఫాస్ఫరస్ పరీక్ష రెండూ అడుగుతాను. చంద్రగిరి అన్నా, అది తినడం మానేస్తే మీకే ఫోన్ చేస్తా, ఉడికిన కోడి మీ ఇంటి నుంచి పంపిస్తారా?

చంద్రగిరి కుక్కల ఇల్లు
పంపిస్తా. ముందు రోజు చెప్తే చాలు, ఉప్పు లేకుండా విడిగా తీసి పెడతా.